కాలువలో పిల్ల ఆలుచిప్పలు కనిపించట్లేదు: పారుదల, నీటి నాణ్యత ఎలా కొలవాలి?

గట్టుమీద అడిగారు:

గోదావరి డెల్టాలో ఒక పంట కాలువ. వెడల్పు 6 మీటర్లు, నిండుగా పారేటప్పుడు సగటు లోతు 1.2 మీటర్లు. మధ్యలో ఇసుక, గట్ల వార బంకమన్ను. ఏప్రిల్‌లో కట్టేస్తే జూన్‌లో వదిలేదాకా గుంటల్లో తప్ప నీరుండదు. పైభాగాన కిలోమీటరు మేర చేపల చెరువులు, వనామి రొయ్యల చెరువులు ఉన్నాయి. వాటి నీళ్లు కొన్నిసార్లు ఇందులోకే వదులుతారు.

గట్టు వార తడిమితే 7–9 సెం.మీ. ఆలుచిప్పలు దొరుకుతున్నాయి. 3 సెం.మీ. లోపువి ఒక్కటీ తగలట్లేదు. డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) మీటరు, పీహెచ్ మీటరు, చెరువుల వాళ్లు వాడే అమ్మోనియా కిట్ అందుబాటులో ఉన్నాయి. పారుదల దెబ్బా, నీటి దెబ్బా అన్నది తేల్చాలంటే ఏం కొలవాలి, ఎప్పుడు కొలవాలి, చిప్పల్ని ఎలా లెక్కపెట్టాలి? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

---

తూముతలుపు:

పెద్దవి ఉండి పిల్లలు లేవన్నారు చూడండి, అసలు విషయం అదే. మగ చిప్ప వీర్యాన్ని నీళ్లలోకి వదులుతుంది. దిగువనున్న ఆడది నీటితో పాటే దాన్ని లోపలికి పీల్చుకుంటుంది. గుడ్లు తల్లి మొప్పల్లోనే గ్లోకిడియా అనే లార్వాలుగా ఎదిగి బయటికొస్తాయి. అవి ఒక చేప మొప్పలకో రెక్కలకో అంటుకోవాలి, లేకపోతే చస్తాయి. చేప మీద కొన్నాళ్లుండి పిల్ల చిప్పగా మారి అడుగుకు రాలుతుంది. రాలాక మొదటి ఒకటి రెండేళ్లు పైకి కనిపించదు, అడుగు మట్టిలోనే కప్పబడి ఉంటుంది. పారుదల ఈ గొలుసును ఎక్కడైనా తెంపగలదు. నీరు నిలిచిపోయి చిప్పలు పల్చగా ఉంటే వీర్యం ఆడదాకా చేరదు. లాకు తలుపు మూసి చేప పైకి ఎక్కలేకపోతే లార్వాకు ఆసరా దొరకదు. పిల్ల రాలిన చోట అడుగు కదిలిపోతుంటే అది కొట్టుకుపోతుంది.

చాలామంది నీటి వేగం ఒక్కటే కొలిచి ఆగిపోతారు. చిప్పకు లెక్క నీరు అడుగు మీద పెట్టే రాపిడి. సూత్రం తేలిక: లోతు మీటర్లలో × కాలువ వాలు × 9,810. జవాబు పాస్కళ్లలో వస్తుంది. లోతు 1 మీటరు, వాలు 10,000కు 1 అంటే కిలోమీటరుకు 10 సెం.మీ. దిగువ అనుకుంటే, రాపిడి దాదాపు 1 పాస్కల్. అర మిల్లీమీటరు ఇసుక కదలడానికి సుమారు 0.3 పాస్కల్ చాలు. ఒక సెంటీమీటరు గులకరాయి కదలాలంటే 7 దాకా కావాలి. కాబట్టి మీ కాలువ నిండుగా పారే రోజుల్లో మధ్యలోని ఇసుకంతా నడుస్తూనే ఉంటుంది. పిల్ల చిప్ప అక్కడ నిలవదు. గట్టు వార బంకమన్ను అతుక్కుని ఉంటుంది గనక అంత రాపిడికి కదలదు, మీకు పెద్దవి అక్కడ దొరుకుతున్నది అందుకే. వంతెన దిమ్మెల వెనక, వంపు లోపలి వైపు, రేవు మెట్ల పక్కన కూడా చూడండి. వరదలోనూ అడుగు కదలని ఇలాంటి చోట్లే చిప్పలకు ఇళ్లు.

పారుదల కొలవడానికి మీటరు అక్కర్లేదు. తిన్నగా ఉన్న చోట 10 మీటర్లకు రెండు పుల్లలు పాతి, నిమ్మకాయ వదిలి, ఎన్ని సెకన్లలో దాటిందో చూడండి. మధ్యన, రెండు పక్కలా కలిపి కనీసం ఆరుసార్లు చేసి సగటు తీయండి. పైనీరు అడుగు నీటికన్నా వేగంగా పోతుంది గనక 0.85తో గుణించాలి. 10 మీటర్లు 25 సెకన్లలో దాటితే 0.4 × 0.85 = సెకనుకు 0.34 మీటర్లు. మీ కాలువ అడ్డుకోత 6 × 1.2 = 7.2 చదరపు మీటర్లు. అంటే సెకనుకు 2.45 ఘనపు మీటర్లు, సుమారు 86 క్యూసెక్కులు. గాలి ఎదురుగా కొడుతున్నప్పుడు చేయకండి, లెక్క తప్పుతుంది.

సగటు చూసి లాభం లేదు. ఏడాదిలో గడ్డురోజులు రెండు రకాలు: నిండుగా పారే రోజులు, కట్టేసిన రోజులు. మొదటివి పిల్లల్ని కడిగేస్తాయి, రెండోవి పెద్దవాటినీ చంపుతాయి. అమెరికాలోని జార్జియాలో 2000 కరువుకు ఫ్లింట్ నది ఉపనదుల్లో పారుదల ఆగిపోయి, ఆక్సిజన్ లీటరుకు 5 మిల్లీగ్రాముల కిందికి పడిన చోట్ల చిప్పలు విపరీతంగా చచ్చాయి. ఉన్న నీరే వేడెక్కి కుళ్లడం అక్కడ చంపింది. అదే దేశంలో టెన్నెసీ నది మీద మజిల్ షోల్స్ దగ్గర 1924లో విల్సన్ డ్యాం పూర్తయ్యాక, రాతి మెట్టల మీద పారే నీళ్లలో బతికే జాతులు చాలా పోయాయి, నిలవ నీటిని ఓర్చుకునేవి మిగిలాయి. మీ దగ్గరా చెరువులో ఉన్నదీ కాలువలో ఉన్నదీ ఒకే జాతో కాదో ముందు చూడండి. లామెల్లిడెన్స్ చెరువు బురదకు అలవాటు పడుతుంది. పారేసియా కొరుగాటా పారే నీటిని, ఇసుక అడుగును ఎక్కువ ఇష్టపడుతుంది.

---

రేవుదారి:

పెద్ద చిప్పలు దొరుకుతున్నాయంటే నీరు బాగున్నట్టే కదండీ. నీరు చెడితే ముందు పోయేవి ఇవే అంటారు. పరీక్షలకు పెట్టే ఖర్చు పూడికతీతకు పెడితే మేలు.

---

మంచినీటిగుల్ల:

రేవుదారి గారూ, ఆ మాట సగమే నిజం. పెద్ద చిప్ప నీరు చెడిన గంటల్లో రెండు చిప్పలూ గట్టిగా మూసుకుని ఊరుకోగలదు, ఏళ్ల తరబడి బతకగలదు. పిల్లకు, లార్వాకు ఆ అవకాశం లేదు. ఐరోపా ముత్యపు చిప్ప మార్గరిటిఫెరా మార్గరిటిఫెరా నూరేళ్లకు మించి బతుకుతుంది. అక్కడి చాలా నదుల్లో ముసలివి వేలల్లో ఉంటాయి, పిల్లలు మాత్రం దశాబ్దాలుగా పుట్టట్లేదు. పైనుంచి చూస్తే నది నిండుగా ఉంటుంది. అడుగు మట్టిలో పూడిక పట్టి ఆక్సిజన్ లోపలికి దిగక పిల్లలు చస్తున్నాయి. కాబట్టి పెద్దవాటిని చూసి నీటికి మార్కులు వేయకూడదు. పూడికతీత గురించి కూడా తొందరపడకండి. పొక్లెయిన్ ఎత్తిపోసిన మట్టిలోనే మీ చిప్పలన్నీ గట్టు మీద పడి ఎండిపోతాయి.

గట్టుమీద గారూ, ఇక నీటి సంగతి.

రోజులో రెండు సమయాలు చాలు, కానీ అవి తప్పకూడదు. డీఓ తెల్లవారుజామున 5–6 మధ్య కొలవండి. రాత్రంతా నాచు, బురద కలిసి ఆక్సిజన్ తినేశాక అప్పుడే అది అట్టడుగున ఉంటుంది. మధ్యాహ్నం లీటరుకు 8 మిల్లీగ్రాములు చూపిన నీరే తెల్లారేసరికి 2 చూపొచ్చు. మీటరు ప్రోబ్‌ను అడుగుకు 5 సెం.మీ. పైన ఉంచాలి, పైనీటిలో కాదు. చిప్ప ఉండేది కింద. పీహెచ్, అమ్మోనియా మాత్రం మధ్యాహ్నం 3–4 మధ్య చూడాలి. ఎండకు నాచు కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసి పీహెచ్‌ను పైకి తోస్తుంది. పీహెచ్ పెరిగేకొద్దీ అదే అమ్మోనియా విషమవుతుంది. 30 డిగ్రీల నీటిలో మొత్తం అమ్మోనియాలో విషపు భాగం పీహెచ్ 7 దగ్గర 0.8 శాతం, 8 దగ్గర 7.5 శాతం, 9 దగ్గర దాదాపు 45 శాతం. ఉదయం పది గంటలకు తెచ్చిన శాంపిల్‌లో ఇది బయటపడదు.

గీత ఎక్కడ గీయాలంటే, అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2013లో మంచినీటి అమ్మోనియా పరిమితులను తగ్గించింది. ఆలుచిప్పలు, నత్తలు చేపలకన్నా సుకుమారమని తేలడమే కారణం. పీహెచ్ 7, 20 డిగ్రీల దగ్గర దీర్ఘకాలపు పరిమితి లీటరుకు 4.5 మిల్లీగ్రాములు ఉండేది, 1.9కి దించారు. వాళ్ల సూత్రంలో మన వేసవిని పెట్టి చూస్తే, 30 డిగ్రీలు, పీహెచ్ 8కి అది 0.41, పీహెచ్ 9కి 0.08. అక్కడి జాతులకు కట్టిన లెక్క ఇది, కాబట్టి ఇక్కడ హెచ్చరిక గీతగా వాడండి. చేపల చెరువులో 1 మిల్లీగ్రాము అమ్మోనియా ఉంటే రైతు కంగారుపడడు. ఆ నీరు కాలువలో పడితే పిల్ల చిప్పకు అదే ముప్పు.

కిట్ వాడేటప్పుడు ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. పై అంకెలన్నీ నైట్రోజన్ లెక్కలో ఉన్నవి. మీ కిట్ జవాబును ఎన్‌హెచ్3గా ఇస్తే 0.82తో, ఎన్‌హెచ్4గా ఇస్తే 0.78తో గుణించి పోల్చండి. శాంపిల్ సీసాను ఐస్ పెట్టెలో పెట్టి అదే రోజు చూడాలి. పీహెచ్, డీఓ అక్కడికక్కడే.

పైనీరు బాగుండి పిల్లలు లేకపోతే మట్టి లోపలి నీరు చూడండి. పిల్ల ఉండేది అక్కడ. 60 మిల్లీలీటర్ల సిరంజికి సన్న గొట్టం తగిలించండి. గొట్టం చివర నాలుగు చిల్లులు పెట్టి నైలాన్ గుడ్డ చుట్టండి. అడుగు మట్టిలో 5 సెం.మీ. లోతుకు గుచ్చి, ఒక నిమిషం ఆగి, మెల్లగా లాగండి. గబుక్కున లాగితే పైనీరే వస్తుంది. మొదటి 10 మిల్లీలీటర్లు పారబోసి తర్వాతిది పరీక్షించండి. కుళ్లిన బురదలో ఈ నీటి అమ్మోనియా పైనీటికన్నా ఎన్నో రెట్లు ఉంటుంది. సిరంజి తెరవగానే కుళ్లిన గుడ్ల వాసనొస్తే కిట్ తీయకముందే సగం జవాబు దొరికినట్టు: అక్కడ ఆక్సిజన్ లేదు.

కిట్‌కు దొరకనివి రెండున్నాయి, మీ కాలువ పైన చెరువులున్నాయి గనక తప్పక ఆలోచించాలి.

ఒకటి మైలుతుత్తం. నాచుకు, నత్తలకు కొడతారు. చెరువుల్లో వాడుక లెక్క ఆల్కలినిటీని (నీటి క్షారతను, లీటరుకు మిల్లీగ్రాముల్లో) 100తో భాగించడం. ఆల్కలినిటీ 150 ఉంటే లీటరుకు 1.5 మిల్లీగ్రాముల మైలుతుత్తం. అందులో రాగి నాలుగో వంతు, అంటే సుమారు 380 మైక్రోగ్రాములు. పిల్ల చిప్పలను చంపడానికి పదుల మైక్రోగ్రాములు సరిపోతాయి. కొట్టిన రెండు మూడు రోజుల్లో ఆ నీరు వదిలితే, కాలువ పారుదల దానికి ఎన్నో రెట్లుండాలి. కట్టేసే ముందు పల్చగా పారే రోజుల్లో అంత ఉండదు. పారుదల, నాణ్యత వేర్వేరు సంగతులు కావనేది ఇక్కడే అర్థమవుతుంది.

రెండోది పొటాష్. ఉప్పు తక్కువున్న నీళ్లలో వనామి పెంచేవాళ్లు మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ వేస్తారు. రొయ్యకు అది కావాలి, ఆలుచిప్పకు అది విషం. వర్జీనియాలోని మిల్‌బ్రూక్ క్వారీలో జీబ్రా చిప్పలను తుడిచిపెట్టడానికి 2006లో వాడింది ఈ పొటాషే, లీటరుకు సుమారు 100 మిల్లీగ్రాముల పొటాషియం వచ్చేలా. చేపలు బతికాయి, చిప్పలు పోయాయి. కాలువలో చేపలు బాగానే తిరుగుతూ చిప్పలు మాత్రం నోళ్లు తెరుచుకుని కనిపిస్తే రాగి, పొటాష్ రెండింటినీ ల్యాబులో చూపించండి.

ఇంకో మాట. పెద్ద చిప్ప మూసుకుని కూర్చుంటుంది గనక విషపు నీరు వెళ్లిపోయిన మూడు నాలుగు రోజులకు చచ్చి తేలొచ్చు. అప్పుడు తీసిన నీటిలో ఏమీ ఉండదు. అందుకే చెరువుల నీరు వదిలే తూము దగ్గర, వదిలిన రోజే, ఎగువన ఒక సీసా, 50 మీటర్ల దిగువన ఒక సీసా పట్టి పెట్టుకోండి.

---

చిప్పలెక్క:

లెక్కపెట్టే పద్ధతి చెప్తాను. తడిమి చూస్తే చిన్నవి తగలవు, కాబట్టి "పిల్లలు లేవు" అనే మాట ఇంకా రుజువు కాలేదు.

అర మీటరు చదరపు ఇనుప చట్రం చేయించండి, అది 0.25 చదరపు మీటరు. 100 మీటర్ల కాలువ ముక్క ఎంచుకుని, మొదటి చోటు చీటీ తీసి, అక్కడి నుంచి సమాన దూరాల్లో చట్రం పెట్టుకుంటూ పోండి. చిప్పలున్న చోటే పెట్టాలన్న ఆశ పుడుతుంది, లొంగకండి. చట్రం లోపలి మట్టిని 15 సెం.మీ. లోతు దాకా చేతిపారతో తీసి, 6 మిల్లీమీటర్ల జల్లెడలో కడగండి. ప్రతి ఐదో చట్రం మట్టిని 2 మిల్లీమీటర్ల జల్లెడలో కూడా కడగాలి. పిల్లలు దొరికేది అందులోనే. మీ కాలువకు 40 చట్రాలు తక్కువ కాదు, మొత్తం 10 చదరపు మీటర్లు. 18 చిప్పలు దొరికితే చదరపు మీటరుకు 1.8.

తక్కువ చట్రాలతో సున్నా వస్తే నమ్మొద్దు. పది చదరపు మీటర్లకు ఒక్క చిప్ప ఉన్న చోట 20 చట్రాలు వేస్తే, చిప్పలుండి కూడా ఒక్కటీ దొరకకపోయే అవకాశం 61 శాతం.

చిన్నది దొరికిందని సంతోషించే ముందు అది కార్బిక్యులా అనే వేరే రకం చిన్న గుల్ల కాదని చూసుకోండి. కార్బిక్యులా బొద్దుగా, ముక్కోణంగా ఉంటుంది, పైన వరుస గట్లు చేతికి తగులుతాయి, లోపల ముత్యపు మెరుపు ఉండదు. దానికి చేపతో పని లేదు, ఎక్కడైనా పుట్టేస్తుంది. దాన్ని ఆలుచిప్ప పిల్లగా రాసుకుంటే లెక్కంతా తలకిందులు.

ప్రతిదాని పొడవు వెర్నియర్‌తో కొలిచి 10 మిల్లీమీటర్ల వరుసల్లో రాయండి. ఆ పట్టిక చూస్తే కథ తెలుస్తుంది. అన్ని సైజులూ ఉంటే జనాభా నడుస్తోంది. ఒక్క పెద్ద సైజే ఉంటే పుట్టుక ఆగింది. మధ్యలో ఒక సైజు లేకపోతే ఆ ఏడాది ఏదో జరిగింది, ఆ ఏడాది కాలువ ఎన్ని రోజులు కట్టేశారో లాకు దగ్గర అడగండి.

చచ్చిన గుల్లలూ ఏరండి. రెండు చిప్పలూ కీలుతో అతుక్కుని, లోపల మెరుపు తాజాగా ఉంటే ఈ మధ్య పోయినవి. సున్నంలా తెల్లబారి విడిపోయినవి పాతవి. అన్ని సైజుల తాజా గుల్లలతో పాటు చేపలూ తేలితే ఆక్సిజన్ పడిపోయింది. గట్టు పైవరసలో మాత్రమే గుల్లలుంటే నీరు దిగిపోవడం వల్ల.

చేప సంగతి కూడా వదలొద్దు. వలలో పడిన చిన్న చేపల మొప్పలు భూతద్దంతో చూడండి, ఆవగింజకన్నా బాగా చిన్న తెల్లని చుక్కలు గ్లోకిడియా కావొచ్చు. ఒక్క పరిగె మీదా, జెల్ల మీదా లేవంటే లోపం నీటి కన్నా ముందే, చేప దగ్గరే ఉండొచ్చు.

తీసినవాటిని తడి గోనెలో నీడన ఉంచి, పావుగంటలో తీసిన చోటే పెట్టేయండి. నీరు పీల్చే వెనక కొస పైకి ఉండాలి, మూడింట రెండొంతులు మట్టిలో దిగాలి. విసిరేస్తే పక్కకు పడి, వాలుగా కొట్టుకుపోతాయి. కాలువ నిండుగా పారేటప్పుడు దిగకండి. పారుదల తగ్గాక, ఇద్దరు మనుషులు, నడుముకు తాడు.

---

గట్టుమీద:

చాలా ఉపయోగం. ఇంకొక్క సందేహం. ఏప్రిల్‌లో కట్టేయకముందే చిప్పల్ని ఏరి చెరువులో వేస్తే కాపాడినట్టవుతుందా?

---

తూముతలుపు:

వేయొచ్చు గానీ అది చివరి మార్గం. ఎక్కువ మేలు చేసేది నీరు మెల్లగా దించడం. ఆలుచిప్ప పాదంతో రోజుకు కొద్ది దూరమే జరగగలదు. నీటిమట్టం రోజుకు 10 సెం.మీ. దిగితే, ఒకటిన్నరకు ఒకటి వాలున్న కాలువ గట్టు మీద నీటి అంచు 18 సెం.మీ. జరుగుతుంది, చిప్ప దాన్ని అందుకోవచ్చు. నూటికి ఒకటి వాలున్న చెరువు అడుగులో అదే 10 సెం.మీ.కు అంచు 10 మీటర్లు వెనక్కి పోతుంది, ఏ చిప్పా అందుకోలేదు. కాబట్టి కాలువలో తలుపులు పది పన్నెండు రోజుల్లో దశలుగా దించమని లాకు వాళ్లను, నీటి సంఘాన్ని అడగండి. చెరువులో మాత్రం లోతు గుంట ఒకటి తవ్వి వదిలేయడమే పని చేస్తుంది.

మట్టి తడిగా ఉన్నంతకాలం లామెల్లిడెన్స్ లోపల మూసుకుని కొన్ని వారాలు నెట్టుకొస్తుంది. ఈ చిప్ప శరీరధర్మం మీద తిరుపతి శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయం నుంచి బోలెడన్ని పరిశోధన పత్రాలొచ్చాయి, దొరికితే చదవండి. మట్టి పగుళ్లిచ్చాక మాత్రం ఆశ లేదు. కాలువలో మిగిలే గుంటలే అసలు ఆసరా. ప్రతి గుంటకూ తెల్లవారుజాము డీఓ చూసి, 3 కన్నా తక్కువ వచ్చినవాటిలోకి పంపుతో కొద్దిగా నీరు పెట్టించండి, లేదా కొబ్బరాకుల నీడ వేయండి. పూడిక తీయాల్సి వస్తే ఈ గుంటలను వదిలి, 100 మీటర్లు తీసి 100 మీటర్లు వదిలి, మిగతాది మరుసటి ఏడాది చేయమనండి.

ఏరి తరలించాల్సే వస్తే ఎండ ముదరకముందు, తెల్లవారుజామున చేయండి. తడి గోనెలో మోయాలి, బకెట్ నీళ్లలో కుక్కితే అరగంటలో ఆక్సిజన్ అయిపోతుంది. రెండు నీళ్ల ఉష్ణోగ్రత తేడా 3 డిగ్రీలు దాటితే అంచున నీడలో గోనె మీద కొత్త నీళ్లు మెల్లగా పోస్తూ అరగంట అలవాటు చేయండి. పారే నీటి పారేసియాను చెరువు బురదలో వేయొద్దు, అది అక్కడ నిలవదు. ఓ యాభైకి గుల్ల మీద తుడిచి ఆరబెట్టి, నెయిల్ పాలిష్‌తో అంకె వేసి, నెల తర్వాత ఒకసారి, ఏడాది తర్వాత ఒకసారి వెతకండి. అంకె వేసిన చచ్చిన గుల్లలు ఎక్కువ దొరికితే ఆ చోటు పనికిరాదు. చెరువులో మైలుతుత్తం ఎప్పుడు కొట్టారో అడిగాకే మొదటి గోనె దించండి.